అమ్మమ్మ సెవి

టెక్కలిలో మా అమ్మమ్మకి చెవి లేదు, సెవి ఉండేది. ఆరో క్లాసు చదివే నేను ఊరుకునేవాణ్ని కాదు. "సెవి కాదమ్మమ్మా, చెవి." ఆవిడ వింతగా చూసేది. "అదే కదరా నాను సెప్పింది!"

భద్రిరాజు కృష్ణమూర్తి గారి ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’ (2003) చదువుతూ ఆ చెవి దగ్గరే ఆగిపోయాను. మూలద్రావిడంలో ఆ మాట ‘క’తో మొదలయ్యేదట. కన్నడంలో ఇప్పటికీ కివి. ఎ, ఇ లాంటి అచ్చుల ముందున్న ‘క’ తెలుగులో ‘చ’ అయింది. తమిళుల నోట్లో ఇప్పుడది సెవి, అచ్చం అమ్మమ్మ అన్నట్టే. అంటే నేను ఒప్పు అనుకున్న చెవి కూడా ఒకప్పుడు ఎవరో ‘క’ పలకబోయి జారిన మాటే.

లాటిన్‌లోనూ దాదాపు ఇదే దారి. వందని రోమన్లు ‘కెంతుం’ అన్నారు. సార్డీనియాలో ఇప్పటికీ కెంతు, ఇటలీలో చెంతో, ఫ్రాన్సులో సాఁ. ‘అపెండిక్స్ ప్రోబీ’ అని 227 మాటల జాబితా ఒకటుంది. ఇలా అనాలి, అలా అనకూడదు అని ఎవరో పంతులు రాసిపెట్టాడు (నా ఆరో క్లాసు బాపతే). అందులో చెవి కూడా ఉంది! ‘ఆవురిస్’ ఒప్పు, ‘ఒరిక్లా’ తప్పు. ఇటాలియన్ ఒరెక్కియో, ఫ్రెంచ్ ఒరెయ్, స్పానిష్ ఒరేహా, మూడూ ఆ తప్పుకి పుట్టిన పిల్లలే.

కృష్ణమూర్తి గారి పుస్తకం తేలిగ్గా చదివించదు. పేజీల కొద్దీ పట్టికలు. మాటలు వాటంతటవే మారిపోయినట్టుంటాయి, పలికిన మనుషులు కనపడరు. ఆ లోటు తీరాలంటే 1962లో ఆయనే తెచ్చిన వ్యవసాయ పదాల మాండలిక కోశం పక్కన పెట్టుకోవాలి. అందులో రైతులున్నారు.

నా అసలు పేచీ మన కథలతో. ఉత్తరాంధ్ర కథ తెరవండి: రచయిత వర్ణనలో చెవి, పాలేరు మాటల్లో సెవి. కొటేషన్ గుర్తులు దాటి సెవి బయటికి రాదు. మాకు దగ్గర్లోని పర్లాకిమిడిలో ఉండి వాడుకభాష కోసం అంత పోరాడిన గిడుగు కూడా చివరికి శిష్టుల వాడుక దగ్గరే ఆగారు. సవరలకి నిఘంటువు చేసిన మనిషి! గ్రాంథికం మీద గెలిచాం కానీ, ఒప్పూ తప్పూ చెప్పే పంతులు కుర్చీ ఖాళీ చెయ్యలేదు. అందులో ఇప్పుడు మనం కూర్చున్నాం.

మనం అంటే నేను కూడా. ఈ వ్యాసమంతా చెవితోనే రాశాను. సెవిని పైన టైటిల్లో పెట్టాను, కింద కొటేషన్లలో పెట్టాను.