ఖాళీ చేసిన కుర్చీ: చట్టసభ నుంచి విద్యాశాఖ దాకా పండిట్ కరుప్పన్

పండిట్ కె.పి. కరుప్పన్‌ను (1885–1938) 'కేరళ లింకన్' అని పిలవడం అక్కడ అలవాటు. ఈ బిరుదు మీద మాకు అభ్యంతరం ఉంది. లింకన్ పేరు తగిలించగానే పైనుంచి ఒకాయన దిగివచ్చి బానిసలకు విముక్తి ప్రసాదించాడన్న కథ తయారవుతుంది. ఆ బానిసలు తమంతట తాము ఏం చేశారన్న ప్రశ్న పక్కకు పోతుంది. ఆయన మీద వచ్చే రాతలు చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి: కవి, సంఘసంస్కర్త, కొచ్చిన్ శాసనమండలి సభ్యుడు, ఆ పైన విద్యాశాఖలో పదవులు, చివరకు కాలేజీ లెక్చరర్. మెట్టు మీద మెట్టు ఎక్కిన జీవితం అన్నమాట. మేము మాత్రం ఆ జీవితంలో రెండు కుర్చీలను విడదీసి చూడదలిచాం. ఒకటి ఆయన వదులుకున్న చట్టసభ కుర్చీ. రెండోది ఆయనకు దక్కిన విద్యాశాఖ కుర్చీ. పొగడ్తలన్నీ రెండోదానికే పోతున్నాయి. మన కాలానికి పాఠం మొదటిదాంట్లో ఉందని మా వాదన.

కరుప్పన్ ఎర్నాకుళం దగ్గర చేరానల్లూరులో పుట్టాడు. కులం వాలన్. చేపలు పట్టడం, పడవ నడపడం వాళ్ల వృత్తి. సవర్ణుల కంటికి వాలన్లు మైలపరిచేవాళ్లే. అయితే పొలాల్లో తరతరాలు బానిస చాకిరీ చేసిన పులయలు వాలన్ల కంటే ఇంకా కింద. నేటి లెక్కల్లో కూడా పులయలు షెడ్యూల్డు కులం, వాలన్లు వెనుకబడిన తరగతి. ఈ తేడా ముందుగా మనసులో పెట్టుకోకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

కొచ్చిన్ రాజు ఆదరణతో కరుప్పన్ సంస్కృతం చదివాడు, పండితుడై టీచరయ్యాడు. ఎర్నాకుళంలో ఆయనను వేసిన ఆడపిల్లల బడి పేరే 'క్యాస్ట్ గర్ల్స్ హైస్కూల్'. ఆ బడి ఎవరిదో పేరులోనే ఉంది. చేపలు పట్టే కులపోడు మా పిల్లలకు చదువు చెప్పడమేమిటని సవర్ణులు గొడవ చేశారు. అయినా ఆయన ఆ బడిలో నిలబడ్డాడు. నిలబెట్టింది ఏ హక్కూ కాదు, పైవాళ్ల దయ. దయ మీద నిలబడ్డ మనిషి దయ చూపినవాళ్లను ఎంతవరకు ప్రశ్నించగలడు? ఆయన రాసిన 'బాలాకలేశం' నాటకం ఇందుకు సాక్ష్యం. రాజుగారి షష్టిపూర్తి సందర్భంగా రాసిన నాటకంలోనే అంటరానితనాన్ని ఎండగట్టాడు. ప్రశస్తి, ఫిర్యాదు ఒకే కాగితం మీద! పత్రికా స్వేచ్ఛకు ప్రతీకగా నేటికీ కొలిచే 'స్వదేశాభిమాని' రామకృష్ణ పిళ్లై ఆ నాటకం పేరును 'వాలాకలేశం' అని కులం కలిసొచ్చేలా మార్చి ఎగతాళి చేశాడు. అభ్యుదయవాది నోట కూడా కులం ఎంత తేలిగ్గా పలుకుతుందో చూడండి.

1912లో అచ్చయిన 'జాతిక్కుమ్మి' ఇంకా ముందడుగు. శంకరాచార్యుడికీ అంటరాని దంపతులకూ దారిలో జరిగిన వాదాన్ని ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడుకునే కుమ్మి వరసలో పెట్టాడు. కుమారన్ ఆశాన్ 'దురవస్థ' వచ్చింది 1922లో. అంటే సవర్ణ పాఠకలోకం దళిత సమస్యను కవిత్వంలో గుర్తించడానికి పదేళ్ల ముందే అది కిందివాళ్ల నోళ్లలో పాటై తిరిగింది.

1913 నాటి కాయల్ సమ్మేళనం సంగతి అందరూ చెప్పేదే. కాయల్ అంటే మన ఉప్పుటేరు లాంటిది. పులయలు సభ పెట్టుకోవడానికి కొచ్చిలో జానెడు నేల దొరకలేదు. భూమి అంతా భూస్వాములది, సర్కారుది. దాంతో పడవలన్నీ తెచ్చి ఒకదానికొకటి కట్టి నీళ్ల మీద సభ జరిపారు. ఉపాయం కరుప్పన్‌ది అంటారు. కావచ్చు, పడవ కులం మనిషి కాబట్టి తట్టే ఉపాయమే అది. కానీ ఆ పడవల్లో వచ్చి కూర్చున్నవాళ్లు పులయలు. వాళ్లలో కృష్ణాది ఆశాన్ లాంటి నాయకులున్నారు. పులయ మహాజన సభ వాళ్లది. 'లింకన్' బిరుదు కింద నలిగిపోయింది వీళ్లే. ఇంకో మాట. ఆ సభ చెప్పిన మొదటి సత్యం భూమి గురించి. నిలబడి మాట్లాడటానికి కూడా నేల లేని జనం వాళ్లు. తర్వాతి చరిత్ర ఈ సత్యాన్ని బడి గోడల మధ్య ఎలా మరిచిపోయిందన్నదే మా ప్రశ్న.

1925లో కొచ్చిన్ శాసనమండలి ఏర్పడింది. అణగారిన వర్గాల తరఫున కరుప్పన్‌ను ప్రభుత్వం నామినేట్ చేసింది. ఓటు ఆస్తిపరులది, పులయలకు ఓటెక్కడిది? కనుక ప్రాతినిధ్యం కూడా దయే. ఆ దయకు హద్దులెక్కడో వెంటనే తెలిసింది. సంస్థానంలో జరిగిన ఒక ఉద్యానవన విందుకు మండలి సభ్యుడై ఉండీ కరుప్పన్‌కు పిలుపు రాలేదు. కారణం కులం. ఆయన దాన్నే పద్యాలుగా రాసి 'ఉద్యానవిరున్ను' పేరుతో అచ్చువేశాడు. సభలో పక్కన కూర్చోవచ్చు, తిండి దగ్గర మాత్రం కుదరదు. ఇన్నేళ్ల తర్వాత కూడా రిజర్వుడు సీట్ల నుంచి గెలిచినవాళ్లకు ఈ ముచ్చట కొత్తగా అనిపించదు.

మండలిలో ఆయన అడిగిన వాటిలో ముఖ్యమైనది అణగారిన వర్గాల కోసం ఒక ప్రత్యేక శాఖ. ప్రభుత్వం ఒప్పుకుంది. అయితే విద్యాశాఖ డైరెక్టర్‌నే 'ప్రొటెక్టర్'గా పెట్టి, కరుప్పన్‌ను ఆయన కింద సహాయకుడిని చేసింది. ఇక్కడ ఆగి పక్క రాష్ట్రాన్ని చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇదే పని 1920 నాటికి లేబర్ కమిషనర్ చేతికి వచ్చింది. మన కోస్తా జిల్లాల్లో 'లేబర్ స్కూళ్లు' అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. మద్రాసు సర్కారు మాల మాదిగలను కూలీలుగా చూసింది కాబట్టి బడులతో పాటు ఇళ్లస్థలాలు, బావులు కూడా ఆ శాఖ పనిలోకి వచ్చాయి. అవి సరిపోయాయని మేము అనం. కొచ్చిన్ సర్కారు మాత్రం పులయను ముందుగా విద్యార్థిగా చూసింది. ఫీజు రాయితీ, స్కాలర్‌షిప్పు వచ్చాయి. అవి లేకపోతే ఒక తరం చదువుకునేదే కాదు, ఒప్పుకుంటాం. కానీ ఏ శాఖకు అప్పగించారన్న దాంట్లోనే సమస్యను పాలకులు ఎలా అర్థం చేసుకున్నారో తెలిసిపోతుంది. చదువు లేకపోవడం రోగమైతే మందు బడి. భూమి లేకపోవడం రోగమైతే మందు ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. ఆ మందు అడిగే ధైర్యం ఏ విద్యాశాఖకూ ఉండదు.

పక్కనే తిరువాన్కూరులో అయ్యంకాళి నడిచిన దారి వేరు. చదువురాని ఆ మనిషి పిల్లలకు బడి తలుపులు తెరవకపోతే పొలంలో దిగేది లేదని కూలీలను ఆపాడు. 1912 నుంచి ప్రజాసభలో కూర్చుని పులయలకు భూమి అడిగాడు. ఆయనకు బడి, కూలి, భూమి మూడు శాఖలు కావు, ఒకే పోరాటం.

ఇక కరుప్పన్ జీవితంలో మేము అన్నింటికంటే పెద్దదిగా భావించే పని. ఆయన మండలి స్థానం వదులుకుని దారి ఇవ్వగా ఆ స్థానంలోకి పులయ నాయకుడు పి.సి. చాంచన్ వచ్చాడు. పదవి వదలడం త్యాగమని జీవితచరిత్రలు ఒక వాక్యంలో తేల్చేస్తాయి. అది త్యాగం కంటే పెద్దది, ఒక సిద్ధాంతం. అంటరానివాళ్లందరి పేరున ఒకడు మాట్లాడుతున్నప్పుడు వాళ్లలో అట్టడుగున ఉన్నవాడి గొంతు ఆ ఒకడి గొంతులో ఇమడదు అని ఒప్పుకోవడం. పడవ నడిపేవాడు పొలం పనివాడి తరఫున ఎల్లకాలం మాట్లాడకూడదని గ్రహించడం.

తెలుగు నేల మీద ఈ మాట ఒప్పించడానికి ఎంత పోరాడవలసి వచ్చిందో మనకు తెలుసు. 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు 'ఐక్యతను చీలుస్తున్నారు' అన్నవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. 2000లో తెచ్చిన వర్గీకరణ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. ముప్పై ఏళ్లు పట్టింది. ఐక్యత పేరుతో కుర్చీ పట్టుకుని కూర్చున్నవాళ్లు కరుప్పన్ రాజీనామాను ఒకసారి చదువుకోవాలి.

కరుప్పన్ తర్వాతి జీవితం విద్యా సంఘాల్లో గడిచింది. ప్రాథమిక విద్యా పంచాయతీ కార్యదర్శి, మద్రాసు విశ్వవిద్యాలయ మలయాళ పరీక్షక మండలి బాధ్యతలు, 1935లో ఎర్నాకుళం మహారాజా కాలేజీలో లెక్చరర్. బయటివాడని చూసిన భాషకు ఆయన పరీక్షకుడయ్యాడు. దీన్ని తక్కువ చేయం. అయితే చట్టసభ కుర్చీ అడిగే కుర్చీ, విద్యాశాఖ కుర్చీ జవాబు చెప్పే కుర్చీ. బడి ఎందుకు లేదని సభలో అడిగినవాడే బోర్డులో కూర్చున్నాక బడ్జెట్ లేదని చెప్పవలసి వస్తుంది. ఇది ఒక మనిషి బలహీనత అనుకుంటే పొరపాటే. అడిగే గొంతును కమిటీలో కూర్చోబెట్టి జవాబుదారుగా మార్చడం పాలకవర్గానికి బాగా తెలిసిన పని. మన దగ్గర కూడా కార్పొరేషన్ చైర్మన్లు, పాలకమండలి సభ్యులు ఇలాగే తయారవుతున్నారు.

తిరువాన్కూరులో 1936లో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది. కొచ్చిన్‌లో ఆయన బతికుండగా అది కూడా రాలేదు. అక్షరాస్యతలో దేశానికే ముందున్న కేరళలో చదువుకున్న దళితుల బిడ్డలు 2007లో చెంగరలో ఎస్టేటు భూముల్లో గుడిసెలు వేయవలసి వచ్చింది. దళితవాడలకు 'కాలనీ' అన్న పేరు తీసేస్తూ 2024లో అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పేరు మారింది, సంతోషమే. పేరు కింద ఉన్న నేల ఎన్ని సెంట్లో మాత్రం మారలేదు. 1913లో పడవల మీద కూర్చున్నవాళ్ల ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. ఆ బాకీ విద్యాశాఖ తీర్చేది కాదు.