కిలోల లెక్కన అడవి

తొలకరి ముందు బ్రెజిల్ దేశపు మాతో గ్రోస్సో రాష్ట్రంలో కొన్ని పశువుల క్షేత్రాల్లో ఓ వింత పని జరుగుతుంది. పెద్ద టార్పాలిన్ పరిచి, దాని మీద గోతాలకు గోతాలు గింజలు కుమ్మరిస్తారు. ఆవగింజంత చిన్నవీ ఉంటాయి, కోడిగుడ్డంత పెద్దవీ ఉంటాయి. వాటిలో ఇసుక పోసి, పారలతో తిరగేసి మరగేసి కలుపుతారు. ఆ కలగలుపును చేత్తో వెదజల్లుతారు, లేదంటే సోయా విత్తే యంత్రంలోనే పోసి పొలమంతా విత్తేస్తారు. మొలకెత్తాల్సింది పైరు కాదు, అడవి.

ఈ పద్ధతిని అక్కడ మువూకా అంటారు. ఆ గింజల్లో చాలా భాగాన్ని ఏరి, శుభ్రం చేసి, ఎండబెట్టి అమ్మేది షింగు నదీతీరపు ఆదివాసులు, చిన్న రైతులు.

షింగు అమెజాన్‌కు ఉపనది, పొడవు ఇంచుమించు 2,000 కిలోమీటర్లు. 1961లో ఈ నది పైభాగాన ఆదివాసుల కోసం ఓ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించారు. నేడు అందులో 16 తెగలు ఉంటున్నాయి. ఆ గీత గీసినప్పుడు ఒక పొరపాటు జరిగింది: నది లోపల ఉంది, దానికి నీళ్లిచ్చే ఊటలూ వాగులూ బయట ఉండిపోయాయి. బయటి అడవిని పశువుల మేతకీ, ఆ తర్వాత సోయాకీ కొట్టేశారు. గట్ల మీద చెట్టు లేకపోయేసరికి మట్టి కొట్టుకొచ్చి, దిగువన తెగలు తాగే నీళ్లు బురదయ్యాయి. 2004లో 'ఇ ఇకాతు షింగు' అనే ఉద్యమం మొదలైంది. అక్కడి కమయురా తెగ భాషలో దీనికి షింగు మంచినీళ్లని అర్థం. వాగుల గట్ల మీద అడవిని తిరిగి పెంచాలంటే ముందు విత్తనం కావాలి. అలా 2007లో షింగు విత్తన సంఘం పుట్టింది.

మన దగ్గర చెట్లు నాటడమంటే ఒక బొమ్మ కళ్లముందు కదులుతుంది: నల్ల ప్లాస్టిక్ సంచిలో మొక్క, తవ్విన గుంత, చుట్టూ ముళ్లకంచె, ఓ ఫొటో. మువూకాలో ఇవేవీ లేవు. నర్సరీ అక్కర్లేదు, మొక్కల్ని మోసే లారీ అక్కర్లేదు. అందుకే ఖర్చు బాగా తగ్గుతుంది. మొలిచిన చోటే వేరు లోతుకు దిగుతుంది గనక తర్వాత నీళ్లు పోసే బాధా ఉండదు. గింజలు చాలా వృథా అవుతాయన్నది నిజమే. చీమలు, ఎలుకలు తినేవి తినగా, ఎండకు పోయేవి పోగా మిగిలేవి కొన్నే. అయినా ఆ కొన్ని కూడా దగ్గరదగ్గరగా, అడవి తీరులోనే లేస్తాయి.

అసలు తెలివి గింజల ఎంపికలో ఉంది. ఈ పొలాల్లో మొదటి శత్రువు మేత కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియారియా గడ్డి. దున్ని అణచకపోతే ఏ మొలకనూ పైకి రానివ్వదు. అందుకని అడవి గింజలతో పాటు కందులు, జనుము, మన తమ్మకాయకు దాయాదైన ఒక చిక్కుడు కూడా కలుపుతారు. ఇవి వారాల్లో ఏపుగా పెరిగి గడ్డికి ఎండ తగలకుండా చేస్తాయి, నేలకు నత్రజని అందిస్తాయి. తొలి ఏడు చూస్తే అది అడవి కాదు, కలుపు తీయని కందిచేను. రెండు మూడేళ్లలో ఇవి తమ పని ముగించుకుని చచ్చిపోతాయి. ఆ నీడలో వడిగా ఎదిగే చెట్లు పైకి లేస్తాయి. వాటి కింద జతోబా, పెకీ వంటి దీర్ఘాయుష్కులు నెమ్మదిగా ఎదుగుతుంటాయి. కలగలుపులో జీడిమామిడి కూడా కనిపిస్తుంది. మన నేల మీద పుట్టిన కంది అక్కడి అడవికి దాది అయితే, బ్రెజిల్‌లో పుట్టిన జీడి మన ఉద్దానానికి బతుకుతెరువైంది. బదులు బాగానే తీరింది.

గింజ ఏరడం చూసేవాళ్లకు తేలికపని. ఏ చెట్టు ఏ నెలలో కాస్తుంది, కాయ రాలకముందు ఎన్నాళ్లు ఆగాలి, ఏ తల్లిచెట్టు గింజ బలమైనది అన్నది ఆ అడవిలో తిరిగినవాళ్లకే తెలుసు. జతోబా గింజ పైపెంకు రాయిలా ఉంటుంది, దాన్ని అరగదీస్తేనే నీరు లోపలికి దిగుతుంది. ఇంగా గింజ ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒక్కోసారి కాయలో ఉండగానే మొలకెత్తేస్తుంది, ఏరిన కొద్ది రోజుల్లో విత్తకపోతే పనికిరాదు. ఒకే గిడ్డంగి, ఒకే పద్ధతి అన్నిటికీ కుదరవు.

ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇక్‌పెంగ్ తెగ స్త్రీలు కట్టుకున్న బృందం పేరు యారాంగ్, అంటే ఆకులు కత్తిరించి మోసుకుపోయే చీమ. నిజం చీమలు ఇలాంటి పొలాల్లో లేత మొలకల్ని కత్తిరించి మోసుకుపోతుంటాయనుకోండి, అది వేరే తంటా. ఇక్‌పెంగ్‌లకు బయటి ప్రపంచంతో పరిచయం 1964లో జరిగింది. రోగాలూ చొరబాట్లూ మీద పడ్డాక 1967లో సొంత నేల వదిలి రక్షిత ప్రాంతంలోకి రావాల్సి వచ్చింది. వాళ్లు వదిలిన నది పేరు కూడా జతోబాయే. ఆ తెగ ఆడవాళ్లు ఏరిన గింజలు ఇప్పుడు బయటి క్షేత్రాల్లో మొలకెత్తుతున్నాయి.

చెట్లు పెంచడం ఈ తెగలకు సంస్థలు వచ్చి నేర్పిన విద్య కాదు. పై షింగులో కుయికురు వంటి తెగలు కర్రపెండలం చేలల్లోనే పెకీ గింజలు నాటుతాయి. కొన్నేళ్లకు దుంప తీసే పని ముగుస్తుంది, చేను పెకీ తోట అవుతుంది. ఊరు మారినా తోట మిగులుతుంది. పాత ఊళ్ల ఆచూకీ చాలాచోట్ల ఆ తోటలే చెబుతాయి. సాధారణంగా పెకీ టెంక నిండా సన్నని ముళ్లుంటాయి, కొరికితే నోరు గాయమవుతుంది. ఈ తోటల్లో ముళ్లులేని రకాలు కూడా ఉన్నాయి. తరతరాలుగా ఏరి నాటిన ఫలమది. ఒక స్త్రీ ప్రేమించిన మొసలిని భర్త చంపితే, దాన్ని పాతిన చోట మొలిచిందే పెకీ అని వాళ్ల కథ.

విత్తన సంఘం నడిచే తీరు కూడా గమనించదగ్గది. సీజన్‌కు ముందే కొనేవాళ్ల నుంచి ఆర్డర్లు తీసుకుంటారు, ఏ బృందం ఏ గింజ ఎంత తేగలదో పంచుకుంటారు. కిలో ధర ఏరేవాళ్లూ కూర్చున్న సమావేశంలోనే తేలుతుంది. ఊరి బృందానికీ సంఘానికీ నడుమ కబురు మోసే మనిషి ఒకరుంటారు. ఏరేవాళ్లు 500 మందికి పైమాటే. కొనేవాళ్లలో ముఖ్యులు ఎవరంటే, అడవి కొట్టిన నేల మీద పశువులు మేపుతున్న ఆసాములే. వాళ్లకు ఉన్నట్టుండి చెట్ల మీద ప్రేమ పుట్టలేదు. బ్రెజిల్ అటవీ చట్టం ప్రకారం అమెజాన్ అడవి ప్రాంతంలో భూమి ఉన్నవారు అందులో 80 శాతం అడవిగా ఉంచాలి, వాగుల గట్లను కొట్టకూడదు, కొడితే తిరిగి పెంచాలి. దానం మీద కాక చట్టం మీద, బేరం మీద నడుస్తోంది గనకే ఈ పని ఇన్నేళ్లు నిలిచిందనిపిస్తుంది.

బలహీనత కూడా అక్కడే. ప్రభుత్వం చట్టం అమలులో చూసీ చూడనట్టు పోతే ఆసామి తొందరపడడు, ఆర్డర్ రాదు, ఆ ఏడు గింజ చెట్టు కిందే ఉండిపోతుంది. ఇంకో చిక్కు 2003 నాటి విత్తన చట్టం. మొక్కజొన్న, సోయా కంపెనీల తీరును దృష్టిలో పెట్టుకుని అడిగే నమోదులూ, ప్రయోగశాల పరీక్షలూ బుట్టతో అడవిలోకి వెళ్లే మనిషికి పెనుభారం. అడవి గింజల్లో వందల జాతులున్నాయి. చాలావాటికి మొలక శాతం ఎలా కొలవాలన్న ప్రమాణమే లేదు, పరీక్షించే ప్రయోగశాలలూ తక్కువే. అందుకే సంఘం గింజలు ఏరడంతో పాటు బ్రెజిల్‌లోని ఇతర విత్తన బృందాలతో కలిసి నిబంధనలు సడలించాలని అడుగుతూ వస్తోంది.