పొగ మాన్పించే మాటకు కొలమానం

ఆసుపత్రిలో చేరిన రోగికి పొగ మానమని నచ్చజెప్పే అవకాశం అందరికన్నా నర్సుకే ఎక్కువ. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళ్తారు. నర్సు పూటపూటా మంచం దగ్గరికి వస్తుంది. వార్డులో పొగ తాగడానికి వీల్లేదు, జబ్బు భయం రోగిని మాట వినేలా చేస్తుంది. అయితే ఆ మాట ఎంత పని చేసిందో తేల్చడం కష్టం. దాన్ని కొలిచే తీరు సరిగా లేకపోతే కౌన్సెలింగ్ మొక్కుబడిగా మిగిలిపోతుంది.

అమెరికా ప్రభుత్వం 2008లో సవరించిన మార్గదర్శకాలు ఈ పనిని ఐదు మెట్లుగా విడదీశాయి: పొగాకు అలవాటు గురించి అడగడం, మానమని స్పష్టంగా చెప్పడం, అందుకు రోగి సిద్ధమో కాదో తెలుసుకోవడం, మానడానికి సాయపడడం, ఆ తర్వాత మళ్లీ పలకరించే ఏర్పాటు చేయడం. మొదటి రెండూ నిమిషంలో అయిపోతాయి. శ్రమ, శిక్షణ కావాల్సింది చివరి రెండింటికే. అన్నిటినీ కలిపి 'కౌన్సెలింగ్ జరిగింది' అని రాస్తే ఆ తేడా మరుగున పడుతుంది. కాబట్టి ప్రతి మెట్టునూ విడిగా లెక్కించాలి.

అడిగే ప్రశ్న కూడా స్థానికంగా ఉండాలి. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఉంది. అది అంగిలి క్యాన్సర్‌కు దారితీయగలదు. 'సిగరెట్ తాగుతారా?' అని అడిగితే వారు లేదనే చెబుతారు. చుట్ట, బీడీ, అడ్డపొగ, గుట్కా పేరుపేరునా అడిగితేనే లెక్క నిజమవుతుంది.

నర్సు ఏం చెప్పిందో తెలుసుకునే దారులు నాలుగు. కేస్ షీట్ చూడడం సులువు, కానీ అక్కడి టిక్కు మాట ఎలా సాగిందో చెప్పదు. నర్సునే అడిగితే చేసిన దానికంటే కాస్త ఎక్కువే చెప్పవచ్చు. రోగిని అడిగితే నొప్పిలో, మత్తులో విన్నది మరిచిపోయి ఉండవచ్చు. అయినా మనసుకు ఎక్కిందేమిటో తెలుస్తుంది. అనుమతితో సంభాషణను రికార్డు చేయడం అన్నిటికన్నా వివరంగా చూపిస్తుంది, కానీ ఖర్చెక్కువ. పైగా ఎవరో గమనిస్తున్నారంటే ఎవరైనా మరింత శ్రద్ధగా మాట్లాడతారు. ఏ ఒక్కటీ చాలదు కనుక కనీసం రెండింటిని పోల్చి చూడాలి.

కొలమానం పలచనైతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. గుండెపోటు, గుండె వైఫల్యం, న్యుమోనియా రోగులకు పొగ మానమని సలహా ఇచ్చినట్టు నమోదైతే చాలని అక్కడ ఒకప్పుడు లెక్క ఉండేది. ఆసుపత్రులు దాదాపు నూటికి నూరు తెచ్చుకోవడంతో ఆ అంకెకు అర్థం లేకుండా పోయింది. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2012లో కొత్త కొలమానాలు తెచ్చి, వార్డులో చికిత్స ఇవ్వజూపారా, డిశ్చార్జి తర్వాత కొనసాగే ఏర్పాటు చేశారా అని అడిగింది.

ఇక ఫలితం. పరిశోధకుడు రాబర్ట్ వెస్ట్ బృందం 2005లో ప్రతిపాదించిన రస్సెల్ ప్రమాణం ప్రకారం, మానినట్టు లెక్కించాలంటే ఆరు నెలల్లో ఐదు సిగరెట్లకు మించి తాగకూడదు. తర్వాతి విచారణకు జవాబివ్వని వారిని మానని వారిగానే లెక్కించాలి. రోగి మాటను శ్వాసలోని కార్బన్ మోనాక్సైడ్‌తో సరిచూస్తారు, కానీ అది ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతుంది. నికోటిన్ నుంచి శరీరంలో తయారై లాలాజలంలో కనిపించే కొటినైన్ మరికొన్ని రోజుల వెనక్కి చూపిస్తుంది. నికోటిన్ గమ్, ప్యాచ్ వాడేవారిలోనూ అది కనిపిస్తుంది కనుక వారికి ఆ పరీక్ష పనికిరాదు.

వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష ప్రకారం, ఆసుపత్రిలో మొదలైన గట్టి కౌన్సెలింగ్ డిశ్చార్జి తర్వాత కనీసం నెల రోజులు కొనసాగినప్పుడే మానేవారు పెరిగారు. నర్సుల రిజిస్టర్లలో తరచూ ఖాళీగా ఉండేదీ మళ్లీ పలకరించే ఆ ఐదో మెట్టే. భారతదేశంలో దానికి ఆసరా ఉంది: 2016లో మొదలైన జాతీయ క్విట్‌లైన్ (పొగాకు మానడానికి ఫోన్‌లో సాయపడే సేవ) 1800-11-2356 ఉచితం. రోగి ఇల్లు చేరేలోపు ఆ నంబరు అతని చేతిలో ఉందా, నెల తర్వాత ఎవరైనా ఫోన్ చేశారా, ఆరు నెలలకు అతను పొగ మానే ఉన్నాడా: ఈ మూడూ రాసుకునే వార్డు తన నర్సుల శ్రమకు న్యాయం చేసినట్టు.