వామి, కొలిమి, బాడిస: గోరటి వెంకన్న పాటలో పనితనం

వాడకం లేని కుమ్మరి వామిని చూసినవాళ్లకు తెలుసు. ఎవరూ నాటకపోయినా అందులో తుమ్మ మొలుస్తుంది. మొదట జానెడు మొక్క, నాలుగేళ్లు పోతే మనిషి దూరలేని ముళ్లపొద. ఆ తుమ్మను చూసి వామి ఎన్నాళ్ల కింద ఆరిపోయిందో చెప్పొచ్చు. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటలో గోరటి వెంకన్న వామిని, తుమ్మను పక్కపక్కన పెట్టి ముందుకు పోతాడు. కుమ్మరికి పని పోయిందని విడమరచి చెప్పడు. ఏళ్ల లెక్క మనమే కట్టుకుంటాం.

తర్వాత కొలిమి. దాని మీద దుమ్ము పేరుకుందంటాడు. కొలిమి దగ్గర ఉండాల్సింది బూడిద. బూడిద ఉందంటే నిన్నో మొన్నో నిప్పు రాజుకున్నట్టు. దుమ్ము ఉందంటే తిత్తి ఊదే మనిషే అటు రావడం లేదన్నమాట. ఆ వెంటనే వడ్రంగి బాడిస. రోజూ కర్ర చెక్కే బాడిసకు రోజూ పదును పెడతారు, అది మొద్దుబారిందంటే చెక్కడానికి కర్ర రాలేదని అర్థం. ఆఖరికి సాలెల మగ్గం. మగ్గం సడుగులు విరిగాయంటాడు. ఆ వెంటనే చేతివృత్తుల చేతులు కూడా విరిగాయంటాడు. మగ్గానికీ మనిషికీ ఒకటే క్రియ వాడాడు. నేను ఈ పాట ఎన్నిసార్లు విన్నా ఇక్కడ ఆగిపోతాను. ‘చేతివృత్తులు’ అనే మాట ఉపన్యాసాల్లో అరిగిపోయిన మాట. నాలుగు పనిముట్లను కళ్లారా చూపించాక దాన్ని తేవడం వల్ల, అందులో ఉన్న ‘చెయ్యి’ మళ్లీ నెత్తురున్న చెయ్యి అయింది.

చెవికి తెలిసే పని ఇంకోటుంది. కుమ్మరి, తుమ్మ, కమ్మరి, దుమ్ము. నాలుగింటిలోనూ రెండో అక్షరం ‘మ్మ’ మీద పెదవులు మూతపడి తెరుచుకుంటాయి. ఛందస్సు చదువుకున్నవాళ్లు దీన్ని ప్రాసయతి అంటారు. పొలంలో నాట్లేసే ఆడవాళ్లు ఆ పేరు తెలియకుండానే తమ పాటల్లో వాడతారు. వెంకన్నకు రెండు దారులూ తెలుసు. మునుపటి మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని గౌరారం ఆయన ఊరు. తండ్రికి యక్షగానం వచ్చు, తల్లి మంగళహారతులు పాడేది. తెలుగులో ఎం.ఏ. చేసి సహకార శాఖలో ఉద్యోగం చేశాడు. ఇంట్లో విన్న బాణీ, బడిలో చదివిన పద్యం ఆయన దగ్గర పోట్లాడుకోవు.

‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో వందేమాతరం శ్రీనివాస్ సంగీతంతో ‘కుబుసం’ సినిమాలోకి వెళ్లి ఇంటింటికీ చేరింది. ప్రపంచీకరణ చేతివృత్తులను ఎలా దెబ్బతీసిందో తెలుగులో వ్యాసాలు కుప్పలు వచ్చాయి. వాటిని చదవని లక్షల మందికి ఆ సంగతి అర్థమైంది మాత్రం ఈ పాట వల్లే అని నా నమ్మకం.

పాత పల్లె అంత చల్లగా ఉండేదా, కులం బాధ లేదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. నాకు మాత్రం ఆ పాటలో పోయిన పెత్తనాల మీద బెంగ కనిపించదు. దొర గడీ కూలిందని వెంకన్న ఏడవలేదు. ఆయన ఏడ్చింది పని తెలిసిన చేతుల కోసం. ఆ తేడా చూడకుండా దీన్ని పాతరోజుల మీద మోజు అనేస్తే పాటకు అన్యాయం చేసినట్టే.

పైగా ఆయన పల్లె దగ్గరే ఆగలేదు. వలసపోయిన మనిషి వెంట పట్నం దాకా నడిచాడు. ‘గల్లీ చిన్నది’ పాటలో అడుగడుగునా ఇరుకు. గల్లీ, గరీబు అనే రెండు ఉర్దూ మాటలను ఒకే ‘గ’కారం మీద కట్టి, గల్లీని చిన్నది చేసి, అందులో బతికేవాళ్ల కథను పెద్దది చేశాడు. హైదరాబాద్ బస్తీలో తెలుగు ఎలా నలిగి ఉర్దూతో కలుస్తుందో తెలిసినవాడు మాత్రమే ఆ మాటలు ఎంచుకోగలడు. వాగు ఎండిపోవడం మీద రాసిన పాటలోనూ అంతే, మనిషి పోయినట్టే వాగు కోసం శోకం పెడతాడు.

‘రేల పూతలు’, ‘అలసెంద్రవంక’, ‘పూసిన పున్నమి’. పుస్తకాల పేర్లలో కూడా చెట్టు, వంక, వెన్నెల. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతకు ముందు ఏడాదే గవర్నర్ కోటాలో శాసనమండలి సభ్యుడయ్యాడు. పదవి సంగతి అలా ఉంచితే, అవార్డు నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. పాట రాసేవాణ్ణి కవి అనాలా వద్దా అని తటపటాయించే పెద్దలు మన దగ్గర ఇంకా ఉన్నారు. వల్లంకి అంటే పిట్ట. పిట్ట కూతలోనో, ఎగిరే తీరులోనో తాళం వినగలిగినవాడికి కవిత్వం వేరే, పాట వేరే ఎలా అవుతాయి?

వేదిక మీద ఆయన నిలబడి పాడలేడు. గంతేస్తాడు, తిరుగుతాడు, చరణం మధ్యలో మాట కలుపుతాడు. యక్షగానం ఇంటి పిల్లవాడని అప్పుడు తెలుస్తుంది. ఇక మళ్లీ మొదటి పాటకే వస్తే, ‘పల్లె కన్నీరు పెడుతుందో’ చివర ఆ ఓకారం. పల్లె ఏడుస్తోందని తేల్చి చెప్పలేదు, ఏడుస్తోందో ఏమో అన్నట్టుంటుంది. అదే ఓకారాన్ని సాగదీస్తే పొలం గట్టు మీద నుంచి ఎవరినో కేకేసినట్టూ ఉంటుంది. రాగం రానివాడు కూడా ఆ ఒక్క అచ్చు దగ్గర గొంతు కలపొచ్చు.