ఇరవై పాటల్లో ఒక భూమి పాట

ఆస్ట్రేలియా రాక్ గాయకుడు పాల్ కెల్లీ ఆదివాసీ కాదు. అయినా 1997లో వచ్చిన ఆయన ఆల్బం ‘సాంగ్స్ ఫ్రమ్ ద సౌత్’ గురించి మనం మాట్లాడుకోవాలి. బ్యాండుతో పాడినవీ, ఆ తర్వాత సొంతంగా పాడినవీ కలిపి, పేరొచ్చిన ఇరవై పాటలను అందులో చేర్చారు.

కెల్లీ బలం కథ చెప్పడంలో ఉంది. బ్యాండు రోజుల నాటి ‘టు హర్ డోర్’లో తాగుడుతో సంసారం చెడగొట్టుకున్న మనిషి భార్యాబిడ్డల దగ్గరికి తిరిగొస్తాడు. 1996 నాటి ‘హౌ టు మేక్ గ్రేవీ’లో జైల్లో ఉన్న మనిషి పండగ విందు తలచుకుంటూ ఇంటికి ఉత్తరం రాస్తాడు. రెండింటిలోనూ పెద్ద పెద్ద మాటలుండవు. ఇంట్లో మాట్లాడుకునే మాటలే.

భూమి పోరాటాన్నీ ఆయన అలాగే పాడాడు. 1966లో వేవ్ హిల్ పశువుల క్షేత్రంలో గురింజీ ఆదివాసీలు విన్సెంట్ లింగియారి వెంట పని మాని బయటికి నడిచారు. కూలి కోసం మొదలైన సమ్మె భూమి కోసం నిలబడింది. 1975లో ప్రధాని విట్లమ్ స్వయంగా వచ్చి లింగియారి చేతిలో మట్టి పోశాడు. ‘ఫ్రమ్ లిటిల్ థింగ్స్ బిగ్ థింగ్స్ గ్రో’ పాట ఈ కథే. అందులో దొర వైపు మాట, పశువుల కాపరి మాట ఎదురెదురుగా వినిపిస్తాయి. వినేవాళ్లకు ఎవరిది న్యాయమో విడిగా చెప్పనక్కరలేదు. ప్రేమ పాటల కోసం ఆల్బం కొన్నవాళ్ల ఇంట్లోకి కూడా గురింజీల కథ వెళ్లింది. ఇది మేలే.

కానీ రెండు మాటలు అడగాలి. ఈ పాటను కెల్లీ ఒక్కడే రాయలేదు, ఆదివాసీ గాయకుడు కెవ్ కార్మొడీతో కలిసి రాశాడు. కెల్లీ పేరుతో ఉన్న ఆల్బంలో ఆ రెండో పేరు ఎంతమందికి గుర్తుంటుంది? ఆదివాసీల నేల మీద బ్రిటన్ జరిపిన అణుబాంబు పరీక్షల గురించి కెల్లీ 1986లోనే ‘మారలింగ’ పాడాడు. ఆ పాట ఈ ఇరవైలో లేదు. హిట్టయిన పాటలనే ఏరితే ఇలాంటివి పక్కన పడిపోతాయి.

మన పాటలకూ ఇదే జరుగుతోంది. ఫోన్లలో తిరిగే పాటే మిగులుతుంది, కట్టినవాళ్ల పేరు పోతుంది. అందుకే తోటి ఉపాధ్యాయులకు మా మాట ఒకటే. పిల్లల చేత ఊరి పాటలు రాయించండి. ప్రతి పాట కిందా పాడినవాళ్ల పేరు, ఊరు, పాడే సందర్భం కూడా రాయించండి.