అయిదుగురు చూసే వీడియో

మంగంపేట అనగానే అందరికీ ముగ్గురాయే గుర్తొస్తుంది. అదే బెరైటీస్. 7 కోట్ల టన్నులకు పైబడిన నిల్వ ఒక్కచోటే ఉండటం ప్రపంచంలోనే అరుదు. చేతిలోకి తీసుకుంటే కంటికి కనిపించేదానికన్నా బరువు తూగుతుంది. నీళ్ళకు నాలుగు రెట్లు పైనే. అందుకే దాన్ని పొడికొట్టి చమురు బావులు తవ్వేచోట బురదలో కలుపుతారు. కింద నుంచి తన్నుకొచ్చే గ్యాసును ఆ బరువు అదిమిపెడుతుంది. మా రాయి గల్ఫ్‌కు పోతుంది, మా మనుషులూ గల్ఫ్‌కే పోతారు. ఓబులవారిపల్లె, కోడూరు, రాజంపేట చుట్టుపక్కల కువైట్‌లో ఒక మనిషైనా లేని వీధి దొరకడం కష్టం.

వాళ్ళ కోసమే కొంతకాలంగా ఒక పని పెట్టుకున్నాను. ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచంలో మంగంపేట పాత వీధులు కడుతున్నాను. గని పక్కన బతికే ఊళ్ళ సంగతి తెలిసిందే. బ్లాస్టింగ్‌కు గోడలు బీటలిస్తాయి, మిల్లుల దుమ్ము పడి చింతచెట్లు కూడా తెల్లబడతాయి, మమ్మల్ని వేరేచోటికి మార్చండని జనం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంటారు. ఇల్లు మారితే మారనీ, ఆ ఇంటి గడప, ఆ గడప మీద కూర్చుని మాట్లాడిన ముసలమ్మ మాట ఎక్కడో ఒకచోట ఉండాలని నా పట్టుదల. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచం తరహాలోనే, 2007 నుంచి ఓపెన్ సిమ్యులేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సర్వర్ ఒకటి ఉంటే ఎవరి లోకం వాళ్ళు కట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తన అంతరిక్ష రంగ విధానాన్ని మెటావర్స్ అనే ఇలాంటి వర్చువల్ లోకంలో విడుదల చేస్తే పత్రికలన్నీ రాశాయి. ఆ హంగులేవీ నాకు లేవు. ముంబైలో అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీద నా మంగంపేట నడుస్తోంది. ఒక్కో ఇంటి గోడ మీద ఒక తెర పెట్టాను. దాన్ని తాకితే ఆ ఇంటి పెద్దవాళ్ళు మాట్లాడిన వీడియో ఆడుతుంది.

ఈ పనిలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం, కొత్తవాళ్ళు మొదటిసారి లోపలికి అడుగుపెట్టే నిమిషం. అంతా బూడిదరంగులో ఉంటుంది. గోడలున్నా సున్నం ఉండదు, తలుపులున్నా కొయ్య రంగు ఉండదు. మెల్లగా ఒక్కో గోడ మీద మసకమసకగా రంగు పరుచుకుంటుంది, తర్వాత గీతలు తేలతాయి, చివరికి సున్నం పెచ్చులూడిన చోటు కూడా కనిపిస్తుంది. గోడల మీది బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో ఉంటాయి కాబట్టే ఇలా అంచెలంచెలుగా తేటపడతాయి. అదే మనిషి మళ్ళీ వస్తే ఈ ఆలస్యం చాలావరకు ఉండదు. మొదటిసారి దిగిన ఫైళ్ళను అతని కంప్యూటరే ఒక మూల దాచి ఉంచింది మరి. క్యాషింగ్ అనేది ఇదే.

ఇక్కడ ఒక మంచి కట్టుబాటు ఉంది. ఈ లోకంలోకి ఎక్కించిన ప్రతి బొమ్మకూ 32 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య పడుతుంది. బొమ్మలో చుక్క మార్చి ఎక్కించినా కొత్త సంఖ్యే. కాబట్టి దాచుకున్న ఫైలు పాతబడిందేమోనన్న అనుమానమే రాదు. వీడియోలకు ఈ రక్షణ లేదు. పేరు మార్చకుండా లోపలి వీడియోను మారిస్తే, కొందరి కంప్యూటర్లు ముందు దాచుకున్న పాతదాన్నే చూపిస్తాయి. అందుకని ఒక జేజి (అవ్వ) మాట్లాడిన వీడియోకు జేజి-1, జేజి-2 అని ప్రతి మార్పుకూ పేరు మార్చడం అలవాటు చేసుకున్నాను.

అసలు చిక్కు కూడా వీడియో దగ్గరే ఉంది. గోడ మీది తెరలో వీడియో ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది. తెరను తాకగానే ఒక్కొక్కరి కంప్యూటర్ ఆ చిరునామాకు విడిగా వెళ్ళి వీడియోను విడిగా తెచ్చుకుంటుంది. అందరూ ఒకే అరుగు ముందు నిలబడినట్టు కనిపిస్తారు గానీ, ఎవరి ముందు ఆడే వీడియో వాళ్ళదే. కువైట్‌లో శుక్రవారం సెలవు. ఫర్వానియా గదిలోనూ మహబూలా గదిలోనూ ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించుకుని కూర్చుంటారు. పక్కన వాట్సాప్ కాల్ నడుస్తుంటుంది.

"అన్నా, మా కాడ జేజి ఇంగా నోరే తెరవల్యా. వాళ్ళేమో అప్పుడే నవ్వుతాండారు."

"మాది అయిపోవచ్చె గదరా!"

కలిసి నవ్వాల్సిన చోట ఒకరి తర్వాత ఒకరు నవ్వితే, కలిసి చూసినట్టు కాదు. ఇన్ని తిప్పలు పడి ఒక లోకం కట్టింది వాళ్ళను ఒక్కచోట కూర్చోబెట్టడానికే. అందుకే ఇది నాకు చిన్న లోపంగా తోచలేదు.

ఇదే టీవీలో, ఇదే కనెక్షన్ మీద పుష్ప సినిమా పాట తాకీతాకగానే మొదలవుతుంది. ఆ కథ కూడా మా పక్కనున్న శేషాచలం ఎర్రచందనానిదే. ఈ కొండల కిందే పుట్టి పెరిగిన జేజి వీడియో మాత్రం సగంలో ఆగి చక్రం తిరుగుతుంది. తేడా కొండలో లేదు, ఎంతమంది చూస్తారన్న లెక్కలో ఉంది. 2009లో ఆపిల్ తెచ్చిన పద్ధతిలో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. జనం ఎక్కువగా అడిగే ముక్కల నకళ్ళను పెద్ద కంపెనీలు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థల గదుల్లోనే పెట్టిన పెట్టెల్లో ఉంచుతాయి. నెట్‌ఫ్లిక్స్ అయితే రద్దీ లేని వేళ చూసి ఆ పెట్టెలను నింపుకుంటుంది. 2023 నవంబర్ 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 5.9 కోట్ల మంది చూడగలిగారంటే, అందరూ అడిగేది అవే ముక్కలు కాబట్టి. కృష్ణపట్నంలో ఓడ లంగరు వేసేసరికి సరుకు రేవు యార్డులో ఉండాలి గానీ గనిలో ఉంటే లాభం లేదు. ఇదీ అంతే. ముందుగానే దగ్గరికి చేర్చి పెట్టుకోవడమే కిటుకు.

ఆ పెట్టెల్లో చోటు మాత్రం అపారం కాదు. నిండినప్పుడు ఈమధ్య ఎవరూ అడగని ఫైలును ముందు తీసేస్తాయి. సాంకేతికంగా ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ దాని పర్యవసానం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. నెలకు అయిదుగురు చూసే వీడియో ఏ పెట్టెలోనూ నిలవదు. ఎవరో అడిగిన ప్రతిసారీ అది దూరం నుంచే రావాలి, ఆగుతూ రావాలి. ఆగేదాన్ని జనం చూడరు, చూడనిది మరింత వెనక్కి పోతుంది. ఊరి మాట, ఇంటి మాట, చిన్న కులవృత్తి వాళ్ళ మాట, మా యాసలో చెప్పిన ఏ కథైనా ఈ సుడిలోనే చిక్కుకుంటోంది. లోకమంతా చూసేదాన్ని దగ్గర పెట్టడానికి కంపెనీలున్నాయి. అయిదుగురు చూసేదాన్ని ఆ అయిదుగురే దగ్గర పెట్టుకోవాలి.

ఇది మా వైపు కొత్త సంగతి కాదు. 2016లో జియో రాకముందు కోడూరు బస్టాండు దగ్గర సెల్ పాయింట్లలో మెమరీ కార్డులకు సినిమాలు, పాటలు ఎక్కించేవాళ్ళు. కువైట్ విమానం ఎక్కేవాళ్ళు కార్డు నిండా నింపించుకుని పోయేవాళ్ళు. అంతకుముందు తరంలో ఉత్తరం రాయడం రానివాళ్ళు క్యాసెట్లలో మాట రికార్డు చేసి, వచ్చేపోయేవాళ్ళ చేత పంపుకునేవాళ్ళు. నెట్‌వర్క్ లేని కాలంలో జనం తమకు తామే చేసుకున్న క్యాషింగ్ అది. నెట్ చవకయ్యాక ఆ అలవాటు పోయింది. లింకు ఉంటే చాలనుకుంటున్నాం. లింకు చేతిలో ఉన్నంత మాత్రాన వీడియో చేతిలో ఉన్నట్టు కాదు.

అందుకే ఆ పాత పద్ధతికే తిరిగి వెళ్ళాను. జేజి వీడియో 4 నిమిషాలు, సెకనుకు 1 మెగాబిట్ చొప్పున కుదిస్తే 30 ఎంబీ. ఊరి నుంచి కువైట్‌కు తిరిగి వెళ్ళే ఒక తమ్ముడి చేతికి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన చిన్న కంప్యూటర్ ఒకటి ఇచ్చాను. వీడియోలన్నీ అందులో ఉన్నాయి. అతని గది రూటర్‌లో ఒక మార్పు చేశాం. గోడ మీది తెరను తాకగానే ఆ అభ్యర్థన ముంబై దాకా పోదు, టీవీ వెనకున్న ఆ పెట్టే జవాబిస్తుంది. మొదలుపెట్టే మీట కూడా మార్చాను. ఎవరో ఒకరు తాకగానే ఆడదు, అన్ని గదుల నుంచీ సిద్ధమన్న కబురు అందాకే ఆడుతుంది. ఇప్పటికీ ఒక క్షణం అటూఇటూ తేడా ఉంటుంది. అది నవ్వు దాటిపోయేంత తేడా కాదు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు, ముఖ్యంగా గల్ఫ్‌లో ఉన్న మావాళ్ళకు ఒక మనవి. మీ ఊరి పెద్దవాళ్ళ వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే లింకు అడగొద్దు, అసలు ఫైలు అడగండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఫైలు పేరులో ఊరు, మనిషి, సంవత్సరం రాయండి. ఒక నకలు ఊళ్ళో ఉండనివ్వండి, ఇంకొకటి మీ గదిలో పెట్టుకోండి. మంగంపేట, ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళ ఫొటోలు గానీ వీడియోలు గానీ ఉన్నవాళ్ళు ఈ పత్రిక చిరునామాకు పెన్‌డ్రైవ్ పంపితే, నకలు తీసుకుని పెన్‌డ్రైవ్‌ను భద్రంగా తిప్పి పంపిస్తాను.