దృగ్విషయ పద్ధతి - ద్విభాషి అనుభవం: ఒక పరిశీలన

అంకెలకు లొంగని అనుభవాన్ని పరిశీలించడానికి మనస్తత్వశాస్త్రంలో వాడుకలో ఉన్న మార్గాలలో దృగ్విషయ పద్ధతి ఒకటి. ఫినామినాలజీ అన్నా ఇదే. హుస్సెర్ల్ తత్త్వచింతన ఆధారంగా అమెరికాలో అమెడియో జియోర్జి 1970 దశకంలో దీనికి ఒక క్రమం ఏర్పరిచాడు. పరిశోధకుడు తన ముందస్తు అభిప్రాయాలను పక్కన పెట్టాలి. వర్ణనను మొత్తంగా చదవాలి. అర్థం మారిన చోటల్లా విడగొట్టాలి. ఆ భాగాలను శాస్త్ర పరిభాషలోకి మార్చి, అనుభవ నిర్మాణాన్ని రాబట్టాలి.

ఈ క్రమం పటిష్ఠమైనదే. అయితే చెప్పేవారి భాష ఒక్కటే అనుకొని దీన్ని అనుసరిస్తే బళ్ళారిలో చిక్కు వస్తుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో ఉండగా, బళ్ళారి తాలూకా మైసూరులో చేరింది. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం అక్కడ ఎందరికో నిత్యానుభవం.

కన్నడ బడిలో తొలిరోజు గురించి ఒకామె "నాకు భయమైంది" అన్నదనుకుందాం. ఇంగ్లీషులోకి మారిస్తే భయపడిన మనిషి కర్త అవుతుంది. తెలుగు వాక్యంలో కర్త భయమే. మనిషి 'కు' విభక్తితో, అది వచ్చి తాకిన చోటుగా నిలుస్తుంది. కన్నడంలో "ననగె భయ ఆయితు" అన్నా నిర్మాణం ఇదే. "నేను భయపడ్డాను" అనే వీలున్నా ఆమె ఇలా అన్నది. ముందుగానే ఇంగ్లీషు చేసుకొని విశ్లేషణకు దిగిన పరిశోధకుడికి ఈ భేదం కనిపించదు. 'భయమైంది'ని 'భయం వేసింది' అని దిద్దుకునే ప్రామాణిక భాషాభిమానికీ అది దక్కదు. పక్కన పెట్టవలసిన ముందస్తు అభిప్రాయాలలో ఈ అభిమానమూ ఒకటి.

అలాగని వ్యాకరణం నుంచి నేరుగా మనసులోకి దూకరాదు. అది వట్టి వాడుక కావచ్చు. ఆమె చెప్పిన మిగతా మాటలతో పోల్చి చూసిన తర్వాతే ఏదైనా తేల్చాలి.

కనుక మా సూచన ఇది. విడగొట్టడం, పోల్చడం మూలభాషలోనే జరగాలి. తెలుగు వదిలి కన్నడం అందుకున్న చోటును తప్పక గుర్తించాలి. అక్కడ అర్థం కూడా మారిందేమో చూడాలి. అనువాదం చివరి మెట్టు కావాలి. ఆంధ్ర, తెలంగాణల వెలుపల తెలుగు చదువుతున్న మన విద్యార్థులకు రెండు భాషలు వినగల చెవి ఉంది. ఈ పద్ధతికి కావలసిన మొదటి సాధనం అదే.